నీళ్ళు పొయ్యకుండా జీడిపప్పు మెషీన్లు శుభ్రం చెయ్యడం: డ్రై స్టీమ్ మన యూనిట్లకు పనికొస్తుందా? (పలాస)

పలాస_పిక్కలు · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కాశీబుగ్గ అవతల మాదొక చిన్న జీడిపప్పు యూనిట్. కుకింగ్, కటింగ్ ఒక షెడ్డు. బోర్మా (పప్పు ఎండబెట్టే వేడి గది), పీలింగ్, గ్రేడింగ్, ప్యాకింగ్ రెండో షెడ్డు, అదే పప్పు షెడ్డు. ఈ మధ్య ఒక పెద్ద బయ్యర్ సరుకు అడిగాడు. తీసుకునే ముందు వాళ్ళ ఆడిటర్ వచ్చి పీలింగ్ మెషీన్ లోపల, గ్రేడింగ్ బెల్టు కింద దూదిపుల్లతో తుడిచి, క్రిముల పరీక్షకి స్వాబ్‌లు తీసుకెళ్ళాడు. సాల్మొనెల్లా (జ్వరం, విరేచనాలు తెచ్చే క్రిమి) లేదు గానీ ఎంటరోబాక్టీరియేసీ అనే క్రిముల లెక్క ఎక్కువొచ్చింది. రిపోర్టులో ఒక్క ముక్క గట్టిగా రాశాడు: పప్పు షెడ్డులోకి నీళ్ళ పైపు రాకూడదు.

ఇక్కడ అందరం చేసేది ఒకటే. వారానికోసారి మెషీన్లు ఆపి, సర్ఫు నీళ్ళు కొట్టి, పైపుతో కడిగి, ఫ్యాన్లు పెట్టి ఆరబెడతాం. అది వద్దంటే మరి దేనితో కడగాలి? డ్రై స్టీమ్ (నీటి తుంపర దాదాపు లేని ఆవిరి) వాడమన్నాడు. విశాఖ నుంచి ఒక సేల్స్ అతను మెషీన్ తెచ్చి డెమో ఇచ్చాడు. "180 డిగ్రీలు సార్, 99.99 శాతం క్రిములు క్షణంలో ఖతం" అన్నాడు. చిన్నది సింగిల్ ఫేజ్ 3 కిలోవాట్లు, పెద్దది త్రీఫేజ్ 15 కిలోవాట్లు. రేట్లు చూస్తే గుండె ఝల్లుమంది.

వాడినవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి. పని చేస్తుందా? చిన్నది చాలదా? అసలు మాకు పిక్కలు ఉడికించే బాయిలర్ ఉండనే ఉంది, దానికే ఒక గొట్టం తగిలిస్తే పోలేదా?

ఉద్దానం_బుల్లోడు · సోమవారం రాత్రి 10:05

అన్నియ్యా, ఆ 180 డిగ్రీలు మెషీన్ కడుపులో ఉంటాది. నాజిల్ దాటి జానెడు దూరం వచ్చీసరికి ఎంతుంటాదో అడిగినారేటి? నేను మెషీన్లు బాగుచేసీవోణ్ణి. నాజిల్ ముందు పెడితే ఒక లెక్క, మూరెడు దూరం పెడితే గాలి కలిసిపోయి ఇంకో లెక్క.

బాయిలర్ గొట్టం సంగతి మన బాయిలర్ బాబాయి వచ్చి చెప్తాడు, నేను జోలికి పోను 😀

రొయ్యల_ప్లాంట్_శ్రీకాకుళం · సోమవారం రాత్రి 10:31

నీళ్ళు వద్దనడం ఏమిటండీ? మా ప్లాంట్‌లో రోజూ షిఫ్టు అవగానే నీళ్ళే, ఫోమే, ఆపైన క్లోరిన్ నీళ్ళే. ఆడిట్లన్నీ పాసవుతున్నాం. ఆవిరితో రొయ్యల టేబుల్ మీద ప్రొటీన్ కొడితే అది ఉడికి అట్ట కట్టేస్తుంది, తర్వాత గీరినా రాదు. ముందు గోరువెచ్చని నీళ్ళతోనే పోవాలి. మీ ఆడిటర్ ఏదో కొత్త ఫ్యాషన్ నేర్చుకొచ్చినట్టున్నాడు.

క్యూసీ_విజయనగరం · మంగళవారం ఉదయం 7:15

రొయ్యల ప్లాంట్ గారూ, మీరన్నది మీ ప్లాంట్ వరకు నూటికి నూరుపాళ్ళు నిజం. మీది తడి ప్లాంట్‌గానే కట్టారు. నేల వాలు, డ్రెయిన్లు, గోడ మూలలు గుండ్రంగా చెయ్యడం, వాటర్‌ప్రూఫ్ మోటార్లు, అన్నీ నీళ్ళ కోసమే. జీడిపప్పు షెడ్డు అలా కాదు. అక్కడ తేమ లేకపోవడమే రక్ష. పప్పులో తేమ 5 శాతం లోపు ఉంటుంది కదా, అంత పొడిలో సాల్మొనెల్లా పెరగలేదు. కానీ చావదు కూడా. పొట్టు దుమ్ములో, మెషీన్ సందుల్లో నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. దానికి కావలసింది కాస్త తడి, కాస్త వెచ్చదనం. వారానికోసారి పైపుతో కడిగామంటే బోల్టుల కింద, బెల్టు రోలర్ చివర్లలో, బోలు పైపు ఫ్రేముల లోపల నీళ్ళు చేరతాయి. పైకి ఆరినట్టు కనపడుతుంది. లోపల పప్పు పొడి, తడి, మన ఉత్తరాంధ్ర ఉక్క. ఇంకేం కావాలి దానికి?

పీలింగ్ మెషీన్‌లో ఎంటరోబాక్టీరియేసీ ఎక్కువ రావడానికి అర్థం ఇదే. అది సాల్మొనెల్లా కాదు, కానీ ఆ కుటుంబమే. ఇక్కడ తడి నిలుస్తోంది అని చెప్పే గుర్తు.

2008, 2009లో అమెరికాలో పీనట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా అనే కంపెనీ వేరుశనగ సరుకు వల్ల సాల్మొనెల్లా వ్యాపించింది. లెక్కకొచ్చిన రోగులే 714 మంది, 9 మంది చనిపోయారు. యజమానికి 2015లో 28 ఏళ్ళ జైలు పడింది. అది కూడా పొడి సరుకే, వేయించిన సరుకే. అక్కడి ప్లాంట్‌లో తనిఖీకి వెళ్ళినవాళ్ళు రాసిన లోపాల్లో కప్పు కారడం ఒకటి. అప్పటినుంచి పొడి సరుకు ప్లాంట్లలో నీటి మీద బయ్యర్లకు భయం పట్టుకుంది. మీ ఆడిటర్ ఫ్యాషన్ కోసం రాయలేదు.

పలాస_పిక్కలు · మంగళవారం ఉదయం 7:50

మేడం, బోర్మాలో 70 డిగ్రీల చుట్టుపక్కల గంటల తరబడి పెడతాం కదా పప్పుని. అందులోనే చచ్చిపోవాలి కదా?

క్యూసీ_విజయనగరం · మంగళవారం ఉదయం 8:20

చాలామంది అలాగే అనుకుంటారు. తడిగా ఉన్న పదార్థంలో 70 డిగ్రీలంటే సాల్మొనెల్లాకి సెకన్ల ఆయుష్షు. అదే బాగా ఎండిపోయిన, కొవ్వు ఎక్కువున్న పదార్థంలో అయితే మొండికేస్తుంది. వేరుశనగ వెన్నలో 90 డిగ్రీల దగ్గర కూడా నిమిషాల తరబడి తట్టుకుంటుందని పరీక్షల్లో తేలింది. పప్పు ఎండేకొద్దీ క్రిమికి కవచం దొరికినట్టే. బోర్మా ఉన్నది ఎండబెట్టడానికి, చంపడానికి కాదు.

ఆవిరి గొప్పతనం కూడా అక్కడే ఉంది. వేడి గాలిలా కాదు, చల్లని స్టీలుకి తగలగానే సన్నటి నీటి పొరగా మారి తన వేడంతా దానికి ఇచ్చేస్తుంది. ఆ పొర క్రిమిని తడుపుతుంది, వేడీ చేస్తుంది. అందుకే అదే ఉష్ణోగ్రత దగ్గర వేడి గాలి కంటే చాలా త్వరగా చంపుతుంది. కాని ఒక షరతు: ఆవిరి ఆ క్రిమిని తాకాలి. పైన జిడ్డు పొట్టు పొర ఉంటే ఆ పొర ఉడుకుతుంది, కింద ఉన్నది హాయిగా ఉంటుంది.

బాయిలర్_బాబాయి · మంగళవారం మధ్యాహ్నం 1:10

అందరికీ నమస్కారాలు. మిల్లులో బాయిలర్ల దగ్గర బతుకంతా గడిపినోణ్ణి. నా మనవడు టైపు చేస్తన్నాడు, తప్పులుంటే ఆడివి.

ముందు డ్రై స్టీమంటే ఏటో తేల్చుకోండి. ఆవిర్లో నీటి తుంపర కలిసి ఉంటాది. కిలో ఆవిర్లో 950 గ్రాములు నిజం ఆవిరి, 50 గ్రాములు తుంపర అయితే డ్రైనెస్ 95 శాతం అంటాం. ఆ లెక్కకి పైనున్నదాన్ని డ్రై అంటారు యాపారస్తులు. కంటితో చూస్తే తెలుస్తాది బావు. నాజిల్ మూతి దగ్గర ఏటీ కనపడని ఖాళీ ఉండి, కాస్త అవతల తెల్ల పొగ మొదలవ్వాలి. ఆ కనపడనిదే అసలు ఆవిరి. తెల్లగా కనిపించీది అప్పటికే నీటిబొట్లయిపోనాది. మూతి దగ్గర్నుంచే తెల్లగా, చిట్లుతా వస్తే అది తడి ఆవిరి. చెయ్యి పెట్టి చూడకండి, తోలూడిపోద్ది. అట్టముక్క అడ్డం పెట్టి తీసీసి, ఎంత తడిసిందో చూడండి.

ఇప్పుడు 180 సంగతి. ప్రెజర్ గేజీ 6 బార్ల దగ్గర ఆవిరి 165 డిగ్రీలుంటాది, 9 బార్ల దగ్గర 180. బయటికొచ్చీసరికి ప్రెజర్ పోద్ది, గాలి కలుస్తాది, వేడి 100 వైపు దిగిపోద్ది. దాన్నేటీ తప్పుపట్టక్కర్లేదు. ఆవిరి బలం డిగ్రీల్లో లేదు, దాని కడుపులో దాగున్న వేడిలో ఉంది. కిలో మరిగే నీళ్ళు 70 డిగ్రీలకి చల్లారితే 126 కిలోజౌళ్ళు ఇస్తాది. కిలో ఆవిరి నీరై అదే 70కి దిగితే 2,380 పైన ఇస్తాది. అంటే ఇంచుమించు 19 రెట్లు. అందుకే తక్కువ నీళ్ళతో ఎక్కువ పని.

మరి చిన్న మెషీన్ చాలదా అన్నావు. లెక్క వేద్దాం. 3 కిలోవాట్ల హీటర్ గంటకి 10,800 కిలోజౌళ్ళు ఇస్తాది. 30 డిగ్రీల నీళ్ళని 6 బార్ల ఆవిరి చెయ్యాలంటే కిలోకి 2,640 దాకా కావాలి. గంటకి 4 కిలోల ఆవిరి, అంతే. ఎవడొచ్చి ఎంత మాయ చెప్పినా అంతకు మించి రాదు.

మీ హాపర్ రేకు 3 మిల్లీమీటర్లు అనుకో. చదరపు మీటరు రేకు 24 కిలోలు తూగుతాది. దాన్ని 30 నుంచి 80కి తేవాలంటే 600 కిలోజౌళ్ళు. ఆవిరి వేడంతా రేకులోకే పోతే చిన్న మెషీన్‌కి మూడు నిమిషాల పైన. అంతా పోదుగా, సగం కంటే ఎక్కువ గాలిలోకే. మూడో వంతు పట్టిందనుకుంటే చదరపు మీటరుకి పది నిమిషాలు. 20 మిల్లీమీటర్ల దళసరి ఫ్రేమైతే గంట దాటుద్ది. అంటే ఆ ఫ్రేము ఎప్పటికీ వేడెక్కదు, ఆవిరి నీరై కారుతుంది, మళ్ళీ తడే. నువ్వు ఏది వద్దనుకున్నావో అదే.

పెద్దది 15 కిలోవాట్లంటే గంటకి 20 కిలోల ఆవిరి. పల్చటి రేకులు, గొలుసులు, జల్లెళ్ళు, బెల్టులకి బాగుంటాది. బరువైన ఇనుముకి అదీ చాలదు.

పలాస_పిక్కలు · మంగళవారం మధ్యాహ్నం 2:00

బాబాయ్, ఈ లెక్క సేల్స్ అతనికి పంపితే ఏమంటాడో చూడాలి. మరి మా బాయిలర్?

బాయిలర్_బాబాయి · మంగళవారం సాయంత్రం 6:45

మీ బాయిలర్ పిక్కలు ఉడికించీది. పిక్కకి తొక్కుంది, దానికి ఆవిరి ఎంత శుభ్రమో లెక్కలేదు. పప్పు తగిలే రేకు మీద ఆ ఆవిరి కొట్టకూడదు. నీటి మట్టం కాస్త ఎక్కువైనా, లోపల ఉప్పు పెరిగి నురగ కట్టినా, ఒక్కసారి వాల్వు తెరిసినా, నీళ్ళు ఎగిరి లైన్లోకి వచ్చీస్తాయి. ఆ నీళ్ళలో నువ్వు వేసిన బాయిలర్ మందు ఉంటాది. ఆహారం తగిలే చోట వాడే ఆవిరికి ఏ మందులు వెయ్యచ్చో, ఏవి కూడదో వేరే జాబితా ఉంది. హైడ్రజీన్ లాంటి మందు అయితే అసలు జాడే ఉండకూడదు. వాడితీరాలంటే ఆవిర్లోంచి నీటిని వేరుచేసీ సెపరేటర్, ట్రాపు, స్టీలు లైను, చివర 2 మైక్రాన్ల రేణువుల్ని ఆపే స్టీలు ఫిల్టరు, లైనంతా ఇన్సులేషను. ఆ ఖర్చు రాసుకుంటే కొత్త మెషీనే మేలు.

పైగా ఆ గొట్టం. రబ్బరు నీళ్ళ గొట్టం ఆవిరి లైనుకి బిగించి, ఊడిపోయి పాములాగ లేచి మనిషి కాళ్ళు కాల్చినది నేను చూసినాను. దాని గురించి ఇంకేటీ రాయను.

చట్టం కూడా చూసుకో. కొత్త బాయిలర్ల చట్టం 2025లో వచ్చింది, 1923 నాటిది పోయింది. అయినా 25 లీటర్ల లోపు కెపాసిటీ ఉన్నది పాతదాంట్లోనూ కొత్తదాంట్లోనూ బాయిలర్ కింద రాదు. ఈ చక్రాల మెషీన్లు చాలావరకు అందులోకే వస్తాయి. కొనేముందు ప్లేటు మీద లీటర్లు చదువు.

రైస్‌మిల్_నరసన్నపేట · మంగళవారం రాత్రి 8:30

ఇంత రాద్ధాంతం ఎందుకండీ. కంప్రెసర్ ఉంది కదా, గాలి కొట్టండి. అరగంటలో మెషీన్ అద్దంలా అయిపోతుంది. మా మిల్లులో ఎన్నాళ్ళనుంచో అదే పద్ధతి.

క్యూసీ_విజయనగరం · మంగళవారం రాత్రి 9:05

అద్దంలా అయ్యేది మెషీను. ఆ దుమ్ము ఎక్కడికి పోయింది? పైన ట్రస్సుల మీదకి, ట్యూబులైట్ల మీదకి, పక్కన ప్యాక్ చేస్తున్న టిన్నుల్లోకి. ఒకచోట ఉన్న సమస్యని షెడ్డంతా పంచిపెట్టినట్టు. పైగా సన్నటి పిండి దుమ్ము గాలిలో మబ్బులా లేచి, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది కూడా, మిల్లు నడిపేవారు మీకు చెప్పనక్కర్లేదు. ముందు వాక్యూమ్, బ్రష్. గాలి ఆఖరి మార్గం, అదీ వేరే దారిలేని సందుకి మాత్రమే.

మీ మిల్లుకి ఆవిరి సలహా మాత్రం నేనివ్వను. బియ్యప్పిండి 70 డిగ్రీల అటూఇటూ వేడికి తడితో కలిస్తే గంజి అవుతుంది, ఆరితే గోడకి పోస్టర్ అంటించే జిగురే. పిండి పూర్తిగా తీశాక తప్ప ఆవిరి పెట్టకండి.

తాండ్ర_ఇంటి_కోడలు · మంగళవారం రాత్రి 9:40

మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మాది భీమాలి. మామిడి తాండ్ర చేస్తాం. గుజ్జు తీసే మెషీన్, స్టీలు ట్రేలు, ఎండబెట్టే చాపలు. సీజన్లో బెల్లం, గుజ్జు కలిసి మెషీన్‌కి బంకలా పట్టేస్తుంది. దానికి ఈ ఆవిరి పనికొస్తుందా?

ఉద్దానం_బుల్లోడు · మంగళవారం రాత్రి 10:00

అక్కా, మీకు నీళ్ళు వాడొద్దన్నవాళ్ళెవరూ లేరు కదా. తీపి బంక వేణ్ణీళ్ళకే కరిగిపోతాది. వేణ్ణీళ్ళు, బ్రష్షు, ఆపైన ఎండ. లక్షలు పొయ్యనక్కర్లేదు. గుజ్జు మెషీన్ జల్లెడ బొక్కల్లో పీచు ఇరుక్కుంటే మాత్రం ఆవిరి నాజిల్ బాగా లాగుతాది. చాపల మీద ఆవిరి కొట్టకండి, వెదురు లోపలికంటా తడి పీల్చి బూజు పట్టీస్తాది.

తాండ్ర_ఇంటి_కోడలు · మంగళవారం రాత్రి 10:12

బతికించావు తమ్ముడూ. మా మావగారు ఇప్పటికే కొటేషన్ తెప్పించారు, రేపు చూపిస్తాను ఇది.

పలాస_పిక్కలు · బుధవారం ఉదయం 6:30

ఇంకో సందేహం. మా కటింగ్ మెషీన్ల మీద జీడి నూనె నల్లగా పేరుకుపోయి ఉంది. ఆవిరితో అది పోతుందా? పోతే ఒకే మెషీన్‌తో రెండు షెడ్లూ అయిపోతాయి.

ఉద్దానం_బుల్లోడు · బుధవారం ఉదయం 7:45

దీని మీద నాకు అనుభవం ఉంది, వివరంగా రాస్తాను. పిక్క పెచ్చులో ఉండే నూనె నీళ్ళలో కలవదు. వేడి తగిలితే పల్చబడతాది, అప్పుడు గుడ్డతో లాగీయొచ్చు. పల్చబడిన వెంటనే లాగాలి. వదిలీస్తే చల్లారి మళ్ళీ బిగుసుకుంటాది. పదే పదే వేడి చేస్తే ఇంకా ముదిరి లక్కలాగ గట్టిపడిపోద్ది, ఆ నూనెతో రంగులు, బ్రేకు లైనింగులు తయారుచేసీది ఆ గుణం వల్లనే. పాత అట్ట అయితే ముందు ప్లాస్టిక్ గీకుడు బద్దతో గీకాలి, మిగిలిన పొరకి ఆవిరి. ఇనుప ఉలి పెడితే స్టీలు మీద గీతలు పడి రేపు అక్కడే మురికి చేరుద్ది.

ఆవిరితో పాటు ఆ నూనె పొగలాగ లేస్తాది. కళ్ళు, ముక్కు, చర్మం మండుతాయి. చేతులకి బూడిద రాసుకుని పిక్కలు కొట్టిన మన ఆడవాళ్ళనడగండి ఆ నూనె ఏటి చేస్తాదో. పొడుగు గ్లౌజులు, కళ్ళద్దాలు, షెడ్డు తలుపులన్నీ తీసి ఉంచడం. ఇది మానకండి.

ముఖ్యమైంది: కటింగ్ షెడ్డులో వాడిన నాజిలు, బ్రష్షు, గొట్టం పప్పు షెడ్డులోకి తేవొద్దు. మెషీన్ ఒకటే అయినా గొట్టం, అటాచ్‌మెంట్లు రెండు సెట్లు, రెండు రంగులు. పిక్కలతో పాటు తోట మట్టి వస్తాది, పప్పు షెడ్డుకి ఆ మట్టే శత్రువు.

క్యూసీ_విజయనగరం · బుధవారం ఉదయం 8:10

బుల్లోడు చెప్పిన ఆఖరి మాట రెండుసార్లు చదవండి. నేనయితే పచ్చి పిక్కల వైపు ఈ మెషీన్ అసలు వాడనివ్వను.

రొయ్యల_ప్లాంట్_శ్రీకాకుళం · బుధవారం ఉదయం 9:00

మేడం, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను, నా ప్లాంట్ వేరు. కానీ ఒక ప్రశ్న. మేం క్లోరిన్ వాడితే ఎన్ని పీపీఎం అన్నది స్ట్రిప్పు ముంచి చూసుకుంటాం. ఈ ఆవిరికి కొలత ఏది? చచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

క్యూసీ_విజయనగరం · బుధవారం మధ్యాహ్నం 1:30

మంచి ప్రశ్న, సేల్స్ వాళ్ళు తప్పించుకునే ప్రశ్న కూడా. కొలవాల్సింది ఆవిరి వేడిని కాదు, స్టీలు పైన ఎంతకి చేరింది, ఎంతసేపు నిలిచింది అన్నది. లిస్టీరియా అనే క్రిమికి అందరూ వాడే కొలబద్ద 70 డిగ్రీల దగ్గర 2 నిమిషాలు. అది తడి పదార్థానికి వేసిన లెక్క. పొడి షెడ్డులో ఇంకాస్త పైన ఉంచుకోవాలి కాబట్టి నేను ఉపరితలం 80 దాటి, అక్కడ రెండు మూడు నిమిషాలు నిలవడం చూస్తాను. నాజిల్ పట్టుకుని రేకు మీద సరసరా లాక్కుంటూ పోతే ఆ వేడి ఎప్పటికీ రాదు. డెమోల్లో అలాగే లాగుతారు, మెరుస్తుంది కాబట్టి చంపిందనుకుంటాం.

ఉష్ణోగ్రత చూడ్డానికి లేజర్ గన్ వాడేవాళ్ళకి హెచ్చరిక. మెరిసే స్టీలు మీద అది అబద్ధం చెప్తుంది. 90 ఉన్న రేకుని 40 అని చూపించినా ఆశ్చర్యం లేదు. రేకు మీద నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూడండి, మధ్యలో ఆవిరి మబ్బు లేకుండా. లేదా రంగు మారే ఉష్ణోగ్రత స్టిక్కర్లు. అవి ఒకసారి మారితే వెనక్కి రావు, రేకు వెనకవైపు అంటిస్తే వేడి అక్కడిదాకా చేరిందో లేదో కూడా తెలుస్తుంది. ఆడిటర్‌కి చూపించడానికి సాక్ష్యమూ అవే.

తర్వాత స్వాబ్‌లు. శుభ్రం చెయ్యకముందు, చేసి చల్లారాక, అదే చోట. ఏటీపీ మీటర్ ఉంటే వాడండి గానీ అది మిగిలిన మురికిని చూపిస్తుంది, క్రిములు చచ్చాయని సర్టిఫికెట్ ఇవ్వదు.

ఇంకో రెండు సంగతులు. బాసిల్లస్ జాతి క్రిముల స్పోర్లు (గట్టి తొడుగున్న విత్తుల లాంటివి) ఈ ఆవిరికి చావవు. వాటికి ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలు, 15 నిమిషాలు కావాలి. అలాగే అలర్జీ. ఒకే లైను మీద వేరుశనగ, జీడిపప్పు రెండూ ఆడించేవాళ్ళుంటే, వేరుశనగ ప్రొటీన్ ఆవిరికి మాయమవదు. తుడిచి తీసేస్తేనే పోతుంది.

రైస్‌మిల్_నరసన్నపేట · బుధవారం మధ్యాహ్నం 2:15

కాలిఫోర్నియా బాదంకి ఆవిరి పట్టిస్తారని విన్నాను. అలా పప్పుకే పట్టించేస్తే మెషీన్ల గొడవే ఉండదు కదా?

క్యూసీ_విజయనగరం · బుధవారం మధ్యాహ్నం 2:40

2007 నుంచి అక్కడి బాదంకి పాశ్చరైజేషన్ తప్పనిసరి చేశారు, అందులో ఆవిరి ఒక పద్ధతి. అది సరుకుకి చేసే పని. దాని తర్వాత సరుకు వెళ్ళే బెల్టు మురికిగా ఉంటే అంతా వృథా. ఒకటి చేశామని రెండోది మానలేం. పైగా పొట్టు తీసిన జీడిపప్పుకి ఆవిరి పడితే రంగు మారి గ్రేడు పడిపోతుంది, మన వ్యాపారులు నన్ను తరుముతారు.

పలాస_పిక్కలు · ఆదివారం రాత్రి 8:50

అప్‌డేట్. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని, సేల్స్ అతన్ని మళ్ళీ రమ్మన్నాను. ఈసారి పెద్ద మెషీన్ తెచ్చాడు. డెమో మా లెక్క ప్రకారం చేయించాం. ముందు వాక్యూమ్‌తో పొట్టు, పొడి అంతా లాగి, జిడ్డున్న చోట బ్రష్ చేశాం. స్టిక్కర్లు హాపర్ వెనక, పీలింగ్ డ్రమ్ బయట, గ్రేడింగ్ ఫ్రేమ్ మీద అంటించాం.

హాపర్, జల్లెళ్ళ స్టిక్కర్లు చూస్తుండగానే మారాయి. డ్రమ్ కాస్త ఆలస్యంగా. ఫ్రేమ్ స్టిక్కర్ చివరిదాకా తెల్లగానే ఉంది, దాని మీదనుంచి నీళ్ళు కారాయి. బాబాయి లెక్క అచ్చంగా కళ్ళముందు కనపడింది. సేల్స్ అతను స్టిక్కర్ పాతదన్నాడు 🙂

అనుకోనిది ఒకటి జరిగింది. మా షెడ్డుకి రేకుల కప్పు. కాసేపటికి ఆవిరి పైకి చేరి, రేకులకి పట్టి, గ్రేడింగ్ టేబుల్ మీద చుక్కలు చుక్కలుగా రాలింది. టేబుల్ ఖాళీగా ఉంది కాబట్టి సరిపోయింది. దీనికేం చెయ్యాలి? ఇంకోటి, గ్రేడింగ్ బెల్టు తెల్ల పీవీసీ, దాని మీద నాజిల్ పెట్టబోతే మా ఫిట్టర్ ఆపేశాడు.

ఉద్దానం_బుల్లోడు · ఆదివారం రాత్రి 9:20

మీ ఫిట్టర్‌కి ఒక టీ పొయ్యండి. పీవీసీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడిపోద్ది. బెల్టు సాగి, జాయింటు విడిపోద్ది. ఆ బెల్టుకి వాక్యూమ్, తర్వాత ఆల్కహాల్ తడిపిన గుడ్డ. ఆల్కహాల్ వాడీటప్పుడు మోటారు మెయిన్ ఆఫ్, పక్కన వేడి మెషీన్ ఉండకూడదు, అంటుకుంటాది. బెల్టు మార్చాల్సి వచ్చినప్పుడు వేడి తట్టుకునే ప్లాస్టిక్ మాడ్యులర్ బెల్టు వేయించుకోండి.

బేరింగులకి ఆవిరి సూటిగా కొట్టకండి. గ్రీజు కరిగి బయటికి వచ్చీస్తాది, అది పప్పు మీద పడుద్ది, బేరింగు ఎండిపోయి అరుస్తాది. కొట్టక తప్పకపోతే తర్వాత ఫుడ్ గ్రేడ్ హెచ్1 గ్రీజు పెట్టండి. రంగు చూసి పప్పు వేరుచేసే కలర్ సార్టర్ దరిదాపులకి పోవద్దు. కెమెరా అద్దం మీద ఆవిరి పడితే దాని బిల్లు ఈ మెషీన్ బిల్లుని మించిపోద్ది.

క్యూసీ_విజయనగరం · ఆదివారం రాత్రి 9:45

కప్పు చుక్కలు చిన్న విషయం కాదు. ఆ రేకుల మీద ఏళ్ళ దుమ్ము ఉంటుంది, ఆ నీళ్ళు అది కడుక్కుని కింద పడతాయి. మూడు పనులు చెయ్యండి. ఆవిరి పెట్టే ముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యండి, పని అయ్యాక కూడా ఆరేదాకా తిరగనివ్వండి. ఒకేసారి షెడ్డంతా చెయ్యకుండా ఒక్కో మెషీన్ చేసి ఆరనివ్వండి. ఆవిరితో పాటే పీల్చుకునే వాక్యూమ్ తల ఉన్న అటాచ్‌మెంట్ ఉంటుంది, ధర ఎక్కువైనా అదే తీసుకోండి, గాలిలోకి పోయేది చాలా తగ్గుతుంది. ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు, మన తీరంలో ఆ రోజుల్లో తలుపులు తీసినా లోపల ఆరదు. తప్పనిసరైతే డీహ్యూమిడిఫయర్ ఉండాలి.

ఫ్రేమ్‌కి ఆవిరి వదిలెయ్యండి. పొడిగా గీకి, వాక్యూమ్ చేసి, ఆల్కహాల్ గుడ్డతో తుడవండి. ఫ్రేము బోలు పైపు అయితే చివరలు, బోల్టు రంధ్రాలు వెల్డింగ్‌తో మూయించండి. మీ స్వాబ్ లెక్క తగ్గడానికి ఆవిరి కంటే అదే ఎక్కువ పని చేస్తుందని నా అనుమానం.

పలాస_పిక్కలు · తర్వాతి శుక్రవారం రాత్రి 7:30

స్వాబ్‌లు వచ్చాయి. హాపర్, జల్లెళ్ళు, డ్రమ్ దగ్గర బాగా తగ్గింది. బెల్టు కింద ఫ్రేమ్ దగ్గర అలాగే ఉంది. మేడం అన్నట్టే విప్పి చూస్తే బోలు పైపు లోపల తడి పొడి గడ్డ కట్టి ఉంది. వెల్డర్‌ని పిలిచాం.

మెషీన్ ఇప్పుడే కొనడం లేదు. పక్క యూనిట్ల వాళ్ళిద్దరితో మాట్లాడాను, ముగ్గురం కలిసి అద్దెకి తెప్పించి వంతులవారీగా వాడదామనుకుంటున్నాం. ఇక మిగిలింది నీళ్ళు. మా బోరు నీళ్ళు ఉప్పుగా ఉంటాయి. సేల్స్ అతను ఆర్‌వో నీళ్ళే పొయ్యాలి, లేదంటే హీటర్‌కి పాచిలా గార పడుతుంది, వారంటీ లేదు అంటున్నాడు.

ఉద్దానం_బుల్లోడు · శుక్రవారం రాత్రి 8:05

మన వైపు బోరు నీళ్ళు పోస్తే హీటర్ మీద గార కట్టడం ఖాయం. ఆర్‌వో పొయ్యండి. కానీ బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ నీళ్ళు పొయ్యకండి. చాలా మెషీన్లలో నీటి మట్టం చూసీది ఎలక్ట్రోడ్. నీళ్ళలో కాస్తయినా ఉప్పు లేకపోతే కరెంటు పారదు, ట్యాంకు నిండున్నా ఖాళీ అనుకుని పంపు ఆపకుండా తోడీస్తాది. మాన్యువల్‌లో కండక్టివిటీ ఎంతుండాలో రాసి ఉంటాది, ఆ పేజీ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.

బాయిలర్_బాబాయి · శుక్రవారం రాత్రి 8:40

రోజూ పనయ్యాక బ్లోడౌన్ (ట్యాంకు అడుగున చేరిన మురికి నీళ్ళు వదిలీడం) చేసీమను, అద్దె మెషీనని వదిలీకండి. ఇంకోటి బావు. 15 కిలోవాట్లంటే త్రీఫేజ్‌లో ఫేజుకి 21 ఆంపియర్లు లాగుతాది. కంప్రెసర్, బోర్మా బ్లోయర్ నడుస్తా ఉంటే మీకు కరెంటాఫీసు ఇచ్చిన శాంక్షన్డ్ లోడ్ దాటిపోద్ది. ముగ్గురి మీటర్లూ చూసినాకే వంతులు రాసుకోండి.

పలాస_పిక్కలు · శుక్రవారం రాత్రి 9:10

ఇప్పుడే బిల్లు తీసి చూశాను బాబాయ్. బ్లోయర్ ఆపి చేస్తేనే కుదిరేలా ఉంది. పక్క యూనిట్ అతనిది ఇంకా తక్కువ లోడ్. ఎలక్ట్రీషియన్ రేపు వస్తున్నాడు. మాన్యువల్ పేజీ కింద పెడతాను.